ట్రాక్టర్ మనదే, అది చెప్పే ముచ్చట ఎవరిది?



పైన వీడియోలో మా మేనల్లుడి ట్రాక్టర్‌ను, అది అతని ఫోన్‌లో కనిపించే తీరును చూపించాను. టైము సరిపోక సగం మాటలు మిగిలిపోయాయి, అవి ఇక్కడ రాస్తున్నా. ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్లకు ఈ ఫోన్ ట్రాక్టర్ల గోల ఎందుకని మీరు అడగొచ్చు. మొన్నటిదాకా నేనూ అట్లనే అనుకున్నాను. పోయిన యాసంగిలో నాలుగు రోజులు పొలం గట్టు మీద కూర్చొని నేల ఆరిపోవడం చూశాక నా ఆలోచన మారింది. ముందు ఆ ముచ్చట చెప్తా, తర్వాత నా అభిప్రాయం.

పదును పోయిన నాలుగు రోజులు

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. నల్లరేగడి నాలుగెకరాలు. ఎనిమిదేండ్ల నుంచి ఒక్క మందు బస్తా ఇంటికి తేలేదు. ఒక నాటు ఆవు ఉంది, జీవామృతం, ఘన జీవామృతం దాని పుణ్యమే. ఎడ్లు మాత్రం లేవు. మూడేండ్ల కింద అమ్మేశాను. వాటిని చూసుకునే మనిషి దొరకలేదు, నా మోకాళ్లు సహకరించలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ మీలో చాలామంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు. అందుకే దుక్కికి, విత్తడానికి, పంట ఇంటికి తేవడానికి మా మేనల్లుడి ట్రాక్టరే దిక్కు.

అతను రెండేండ్ల కింద 50 హార్స్‌పవర్ దాటిన కొత్త బండి అప్పు మీద తీసుకున్నాడు. చుట్టుపక్కల ఊర్లలో కిరాయికి నడుపుతాడు. సెప్టెంబర్ ఆఖర్లో మంచి వాన పడింది. రెండు రోజులు ఆరాక తెల్ల జొన్న, శనగ, కుసుమ కలిపి వేయడానికి సరైన పదును వచ్చింది. విత్తనాలకు బీజామృతం పట్టించి నీడకు ఆరబెట్టుకున్నాను. పొద్దున్నే బండి వచ్చింది. పొలంలో దిగిందో లేదో మీటర్ల దగ్గర పసుపు లైటు వెలిగింది. ఇంజిన్ గుంజుడు తగ్గిపోయింది. ముక్కుతున్నది తప్ప కల్టివేటర్‌ను లాగుతలేదు.

పట్నం నుంచి మెకానిక్‌ను పిలిపించాం. ముప్పై ఏండ్ల అనుభవం ఉన్న మనిషి. పాత బండి అయితే చప్పుడు విని రోగం చెప్తాడు. బానెట్ తీసి చూశాడు, చేతులు తుడుచుకున్నాడు.

"ఇది నా చేతుల లేదన్నా. సెన్సర్ ఏదో తప్పు చూపిస్తున్నది. అది ఏందో సరిగ్గ చదవాలంటే కంపెనీ ల్యాప్‌టాప్ రావాలె. నేను సామాను మార్చినా, ల్యాప్‌టాప్ పెట్టి ఒప్పించకపోతే బండి ఇనది" అన్నాడు.

తమాషా ఏమిటంటే, అప్పటికే మా మేనల్లుడి ఫోన్‌కు మెసేజ్ వచ్చి ఉంది. 'మీ ట్రాక్టర్‌కు సర్వీస్ అవసరం' అని. అంటే సంగతి మాకంటే ముందే కంపెనీకి తెలుసు. వార్త ఒక్క నిమిషంలో పోయింది, మనిషి మాత్రం నాలుగో రోజు వచ్చాడు. ల్యాప్‌టాప్ తగిలించి, ఒక వైరు జాయింటు వదులైందని చెప్పి, అది బిగించి, లైటు ఆర్పి పోయాడు. అరగంట పని.

ఈలోపు పక్క పొలం అన్నను బతిమాలి ఎడ్లు, గొర్రు అడిగాను. ఆయన పని అయ్యాక మూడో రోజు సాయంత్రం ఇచ్చాడు. ఎకరంన్నర పడింది. మిగిలింది ట్రాక్టర్ బాగయ్యాక వేశాం, అప్పటికి పైపొర ఆరిపోయింది. నల్లరేగడిలో పదును పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఎడ్లతో వేసిన ముక్క నిండుగా మొలిచింది. మిగతాది పండ్లూడిన నోరులాగ సందులు సందులుగా వచ్చింది.

ఈ కథలో ఏ కంపెనీ బండి అన్నది నేను చెప్పను, అడగకండి. ఒక్క కంపెనీని తిట్టి ఊరుకుంటే తీరే విషయం కాదిది.

బండిలో అసలు ఏముంది?

ఇప్పుడొస్తున్న కొత్త ట్రాక్టర్లు, కార్లు, లారీలు చాలావాటిలో మూడు వస్తువులు ఉంటాయి. ఒకటి, ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్. రెండోది, బండి ఎక్కడుందో చెప్పే జీపీఎస్. మూడోది, మన ఫోన్‌లో ఉన్నట్టే ఒక సిమ్ కార్డు. మొదటి రెండూ పోగేసిన సమాచారాన్ని ఈ సిమ్ మొబైల్ టవర్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అక్కడి నుంచి మన ఫోన్‌లోని యాప్‌కు కొంత వస్తుంది. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచింది, ఎక్కడ నడిచింది, డీజిల్ ఎంత ఉంది, వేడి ఎంత, ఏ సెన్సర్ ఏమంటున్నది, ఇవన్నీ పోతాయి.

కంప్యూటర్ రావడానికి న్యాయమైన కారణమే ఉంది. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ పైబడిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే పొగ నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గాలంటే డీజిల్ ఎంత, ఏ క్షణాన చల్లాలో లెక్కగా చల్లాలి, ఆ లెక్క కంప్యూటరే చేయాలి. పొగ తగ్గడం మనకూ కావాల్సిందే. కంప్యూటర్ వచ్చాక దానికి సిమ్ తగిలించడం పెద్ద పని కాదు. బస్సులు, ట్యాక్సీల లాంటి ప్రయాణికుల బండ్లకైతే, 2019 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చేవాటికి జాడ చెప్పే పెట్టె, ఆపద బటన్ ఉండాలని ఏఐఎస్-140 నిబంధనే పెట్టారు. ఆ నిబంధన పొలం ట్రాక్టర్ కోసం పెట్టింది కాదు, వీటిలో కంపెనీలే సొంతంగా తెచ్చాయి.

ఇదంతా మన ఇలాకాలోనే జరుగుతున్నది

ఈ టెక్నాలజీ ఎక్కడో అమెరికాలో పుట్టి మన మీద పడుతున్నదని అనుకుంటే పొరపాటు. మా జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉంది, నడవబట్టి పదేండ్లు దాటింది. మహీంద్రా 2016లోనే డిజిసెన్స్ పేరుతో బండ్లను ఫోన్‌కు కలిపే పద్ధతి తెచ్చింది. 2023 ఆగస్టు 15న ఓజా అనే తేలిక ట్రాక్టర్లను విడుదల చేసింది. అవి తయారయ్యేది జహీరాబాద్‌లోనే. వాటిలోనూ ఫోన్‌తో కలిసే సదుపాయం ఉంది.

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వైపు 65వ నంబర్ హైవే మీద పోతే సంగారెడ్డి దగ్గర కంది వస్తుంది. అక్కడ ఐఐటీలో డ్రైవర్ లేని బండ్లను పరీక్షించే తిహాన్ కేంద్రాన్ని 2022లో ప్రారంభించారు. ఇంకా ముందుకు పోతే హైదరాబాద్‌లో జెడ్ఎఫ్, స్టెలాంటిస్, హ్యుందాయ్ మోబిస్ లాంటి విదేశీ కంపెనీల ఇంజనీరింగ్ ఆఫీసులు ఉన్నాయి. బండి సాఫ్ట్‌వేర్ రాసే పిల్లల్లో మన ఊర్ల పిల్లలు ఎంతోమంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ మొబిలిటీ వ్యాలీ అని ప్రకటించింది, అందులో జహీరాబాద్ పేరూ ఉంది. ఆంధ్ర వైపు చూస్తే, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్ కారులోనే ఫోన్‌తో కలిసే సదుపాయం ఉంది. వేరుశనగ ఎండిపోయే కరువు నేల మీద ఇంటర్నెట్ కార్లు తయారవుతున్నాయి.

మన పిల్లలకు ఉద్యోగాలు వస్తున్నాయి, సంతోషం. కానీ ఒక మాట. బండి మన దగ్గర తయారవుతున్నది, దాని మెదడు మన దగ్గరే రాస్తున్నారు, నడిచేది మన పొలంలో. అది చెప్పే ముచ్చట మీద మాత్రం మనకు హక్కు ఉన్నదో లేదో ఎవరూ స్పష్టంగా చెప్పడం లేదు. నా బాధ అక్కడ.

మేలు లేదని అనను

న్యాయం న్యాయంగానే మాట్లాడాలి. ఈ యాప్ వల్ల మా మేనల్లుడికి లాభమే జరిగింది. కిరాయి ట్రాక్టర్ ఉన్నవాళ్లకు రోజూ ఒకటే పంచాయితీ. డ్రైవర్ ఆరు గంటలు దున్నానంటాడు, రైతు నాలుగే అంటాడు. పోయినేడు పక్క ఊర్లో ఇట్లనే మాట పెరిగి, కొట్టుకునేదాకా వచ్చింది. మా వాడు ఫోన్ తీసి బండి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది చూపించాడు. అయిదు గంటల పది నిమిషాలు. ఇద్దరూ సప్పుడు చేయలేదు. డీజిల్ దొంగతనం ఆగింది. ఆయిల్ మార్చే తేదీ మర్చిపోవడం లేదు.

ప్రకృతి రైతుకు కూడా ఇందులో పనికొచ్చేది ఒకటి ఉంది. మన నేలకు ట్రాక్టర్ చక్రం పెద్ద శత్రువు. రెండు టన్నుల బండి తడి నేల మీద ఇష్టమొచ్చినట్టు తిరిగితే నేల అణిగి, వానపాములు చేసిన దారులు మూసుకుపోతాయి. ఆస్ట్రేలియాలో కొందరు రైతులు జీపీఎస్ సాయంతో ప్రతిసారీ చక్రాన్ని అదే గీత మీద నడిపిస్తారు. అణిగేది ఆ గీత ఒక్కటే, మిగతా నేల అంతా గుల్లగా ఉంటుంది. ఇట్లాంటిది మన చిన్న కమతాలకు, చిన్న బండ్లకు తగ్గట్టు చేసిస్తే నేనే ముందు పోయి నేర్చుకుంటా. కానీ నాకు యాప్‌లో కనిపించేది గంటలు, డీజిల్, ఎకరాలు. ఈ నేల మీద ఎన్నిసార్లు చక్రం తిరిగింది అన్నది ఎవరూ చూపించరు. మా వాడి యాప్ రోటవేటర్ ఎన్ని గంటలు కొట్టిందో చెప్తుంది, అంతసేపు కొట్టడం అవసరమా అని అడగదు.

ముడి ఎక్కడ పడింది

మా మేనల్లుడు ఒక నెల వాయిదా కట్టడానికి వారం ఆలస్యం చేశాడు. చెరుకు పైసలు రాలేదు. అప్పిచ్చిన ఫైనాన్స్ నుంచి ఫోన్ వచ్చింది.

"బండి రోజూ ఎనిమిది గంటలు నడుస్తున్నది కదా తమ్మీ, నిన్న ఫలానా ఊర్ల ఉన్నవ్. కిరాయి పైసలు ఏం చేస్తున్నవ్?" అన్నాడట.

వాడు నా దగ్గరికొచ్చి, "ఆళ్లకెట్ల తెల్సింది మామా?" అని అడిగాడు. కాగితాలు తీయించి చదివాను. అప్పు ఇచ్చేటప్పుడే ఫైనాన్స్ వాళ్లు వేరే పెట్టె ఒకటి బిగించారు. సంతకాలు పెట్టిన ఇరవై పేజీల్లో ఒక మూల ఆ సంగతి రాసి ఉంది. వాడు చదవలేదు, వాళ్లు చదివి వినిపించలేదు. వాయిదా కట్టాల్సిందే, దాంట్లో తప్పు లేదు. కానీ వాడు కిరాయి చేసిన గంటలు వాడు చెప్పాల్సిన లెక్క. అది అప్పిచ్చినోడు ఎక్కడో కూర్చుని చూస్తుంటే, రేపు ఇంకో అప్పుకు పోయినప్పుడు బేరం ఆడటానికి వాడి దగ్గర ఏం మిగిలింది?

దూరం నుంచి చూడగలిగినోడు దూరం నుంచి ఆపగలడు కూడా. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్ ఊర్లో రష్యా సైనికులు జాన్ డీర్ షోరూం నుంచి కోత మిషన్లు ఎత్తుకుపోయారు. వందల మైళ్ల అవతల వాటిని ఆన్ చేయబోతే అవి లేవలేదు, దూరం నుంచే తాళం పడింది. దొంగల చేతిలో బండి ఆగితే అందరం చప్పట్లు కొడతాం. అదే తాళం రైతు బండికి కూడా పడగలదని మాత్రం మర్చిపోవద్దు. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదనేదే ప్రశ్న.

బయటి దేశాల రైతులు ఈ ప్రశ్న ఇప్పటికే అడుగుతున్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలు బాగుచేసుకునే హక్కు చట్టాన్ని 2023లో చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలు. రిపేరు అంతా తన డీలర్ల చేతిలోనే పెట్టుకున్నదని అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2025 జనవరిలో జాన్ డీర్ మీద కోర్టుకు పోయింది. యూరప్‌లో 2025 సెప్టెంబర్ 12 నుంచి డేటా చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌కు కలిసిన యంత్రం తయారుచేసే సమాచారం వాడేవాడికి అందాలని దాని సారం.

మన దేశంలోనూ అడుగు పడింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ బాగుచేసుకునే హక్కు మీద కమిటీ వేసింది. మొదట పట్టించుకోవాల్సిన రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ పెట్టారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ పోర్టల్‌లో రిపేరు పుస్తకం దొరకడం వేరు, మా పట్నం మెకానిక్ చేతికి ఆ ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ రావడం వేరు. రెండోది జరిగినప్పుడే నా పదును నిలుస్తుంది.

ప్రకృతి రైతుకు ఎందుకు?

మనం ఈ దారిలోకి ఎందుకొచ్చాం? విత్తనం కోసం దుకాణం, ఎరువు కోసం దుకాణం, పురుగు మందు కోసం మళ్లీ అదే దుకాణం. ఆ గొలుసు తెంపుకోవడానికే కదా. విత్తనం మనం కట్టుకున్నాం, ఎరువు ఆవు ఇచ్చింది, కషాయం చెట్టు ఇచ్చింది. ముందర తలుపు మూసినం, ఇప్పుడు అదే గొలుసు ఎనక తలుపు నుంచి సిమ్ కార్డు పట్టుకొని వస్తున్నది. విత్తనానికి కంపెనీ మీద ఆధారపడొద్దన్న మనం, విత్తే బండి కంపెనీ మనిషి వచ్చేదాకా కదలకపోతే ఏం చేస్తున్నాం? ఆలోచించండి.

మా జహీరాబాద్‌లో ఇంకో రకం బండి కూడా ఉంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ప్రతి ఏడాది సంక్రాంతి నుంచి పాత పంటల జాతర చేస్తారు. అలంకరించిన ఎడ్లబండ్లలో జొన్న, కొర్ర, సామ, కంది, ఇంకా ఎన్నో రకాల విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పుతారు. ఏ విత్తనం ఏ నేలకు, ఏ కార్తెకు అన్న ముచ్చట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. 2008 నుంచి వాళ్లకు మాచనూర్‌లో సొంత రేడియో కూడా ఉంది. అంటే ఆ అక్కలు, అవ్వలు టెక్నాలజీ వద్దనలేదు. మైకు తమ చేతిలో పెట్టుకున్నారు, ఏం మాట్లాడాలో తామే నిర్ణయించుకున్నారు. ట్రాక్టర్ విషయంలో నేను అడిగేది అంతే.

నా సూచన ఒకటుంది. ఒక్కో రైతు ఒక్కో పెద్ద బండి అప్పు మీద కొనే బదులు, రైతు సంఘాలు, ఎఫ్‌పీఓలు కలిసి తేలిక బండ్లు తీసుకోవాలి. గంటల లెక్క సంఘం పుస్తకంలోకి రావాలి. ఎవరి పొలంలో ముందు పదును వస్తుందో చూసి బండి వంతులు వేసుకోవాలి. మా ఊర్లో నల్లరేగడికి, ఎర్ర చెలకకు పదునులో రెండు రోజుల తేడా ఉంటుంది. ఆ తేడా కంపెనీ సర్వర్‌కు తెలియదు, మనకు తెలుసు. మన తెలివి, బండి లెక్క ఒక చోట కలిస్తే అందరికీ టైముకు బండి దొరుకుతుంది. ఊర్లో రెండు మూడు జతల ఎడ్లనైనా సంఘం తరఫున కాపాడుకోవాలి. పోయిన యాసంగిలో నా ఎకరంన్నరను కాపాడింది అవే.

కొనేముందు ఇవి అడగండి

కొత్త బండి గానీ, సెకండ్ హ్యాండ్ బండి గానీ తీసుకునేవాళ్లు సంతకం పెట్టేముందు ఈ అయిదు మాటలు అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

1. ఈ బండిలో సిమ్, జీపీఎస్ ఉన్నాయా? ఏ సమాచారం పోతుంది, ఎవరెవరికి పోతుంది? ఫైనాన్స్ వాళ్లు వేరే పెట్టె బిగిస్తారా?

2. బండిని దూరం నుంచి ఆపే సదుపాయం ఉందా? ఉంటే ఎవరి చేతిలో, ఏ పరిస్థితిలో ఆపుతారు?

3. లైటు వెలిగితే ఆ తప్పు ఏమిటో నా ఫోన్‌లో తెలుగులో కనిపిస్తుందా? బయటి మెకానిక్ దాన్ని చదవగలడా, బాగుచేశాక లైటు ఆర్పగలడా?

4. సీజన్‌లో ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు? రాకపోతే ఏం చేస్తారు?

5. ఉచిత కాలం అయిపోయాక యాప్‌కు ఎంత కట్టాలి? కట్టకపోతే నా పాత లెక్కలు నాకు ఇస్తారా? బండి అమ్మితే నా పేరు మీద ఉన్న సమాచారం తీసేస్తారా?

డీలర్‌కు జవాబులు తెలియకపోవచ్చు. అయినా అడగండి. పదిమంది అడిగితే పదకొండో మనిషికి జవాబు తయారుగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇంకో పని చేయండి. పాత ఓనర్ ఫోన్ నుంచి ఆ బండిని తీయించండి. లేకపోతే మీరు ఏ రాత్రి ఏ పొలంలో ఉన్నారో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది.

చివరి మాట. మా మేనల్లుడిని బండి అమ్మేయమని నేను చెప్పలేదు, వాడి బతుకు దాని మీద ఉంది. ఫైనాన్స్ వాళ్లకు రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు పంపించాం. అప్పు తీరాక ఆ పెట్టె ఎవరు తీస్తారు, ఇప్పటిదాకా పోగైన లెక్కలు ఏం చేస్తారు అని. జవాబు రాలేదు. రాగానే ఇక్కడే రాస్తా. ఈసారి యాసంగికి మాత్రం పక్క పొలం అన్నకు ముందే మాట చెప్పి పెట్టుకున్నా. గడ్డి నేనిస్తా, విత్తే రోజు ఎడ్లు ఆయనివ్వాలె.

మీ ఊర్లో ఇట్లాంటి అనుభవం ఉంటే కింద కామెంట్‌లో రాయండి. మేలు జరిగినా రాయండి, నష్టం జరిగినా రాయండి. కంపెనీ పేరు కన్నా ఏం జరిగింది, ఎన్ని రోజులు ఆగింది, ఎట్ల పరిష్కారమైంది అన్నది ముఖ్యం. వచ్చిన అనుభవాలన్నీ కలిపి ఇంకో వీడియో చేస్తా.

నమస్తే.